వారం రోజుల విహారం: కడత్తూరు నుండి రామోజీ ఫిల్మ్ సిటీ వరకు

ధర్మపురి మీదుగా సాగే 44వ నెంబరు జాతీయ రహదారి కృష్ణగిరి, హోసూరు, బెంగళూరు, అనంతపురం, కర్నూలు దాటి నేరుగా హైదరాబాదు చేరుతుంది. పాతవారికి ఇది 7వ నెంబరు రోడ్డుగానే తెలుసు. కడత్తూరు పరిసర గ్రామాల తెలుగు కుటుంబాలకు ఈ దారి బెంగళూరు వరకే పరిచయం. పిల్లలు అక్కడ ఉద్యోగాలలో ఉన్నారు, చింతపండు, మామిడి లారీలు అటే పోతాయి. ఆ పైన ఉన్న తెలుగు నేల సినిమాలలోను, టీవీలోను చూచినదే. ఇటీవల కొన్నేండ్లుగా పిల్లల సెలవులకు హొగేనక్కల్, ఏర్కాడు, తిరుపతి వంటి అలవాటైన చోట్లను దాటి, ఒక వారం పాటు హైదరాబాదు వద్ద రామోజీ ఫిల్మ్ సిటీకి పోవాలన్న ఆలోచన చాలా ఇండ్లలో వినవస్తున్నది. అయిదారుగురు గల కుటుంబానికి ఇది చిన్న ఖర్చు కాదు. కనుక బయలుదేరక ముందే లెక్క చూసుకొనుట మంచిది.

మొదట ఈ ‘వారం’ అన్న మాట ఎక్కడి నుండి వచ్చినదో తెలుసుకోవలెను. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 1971 అక్టోబరు 1న ప్రారంభమైన వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు జనం వారం రోజులకని పోతారు. అక్కడ ఒకే ప్రాంగణంలో నాలుగు వేర్వేరు వినోద ఉద్యానాలు, రెండు జలక్రీడా స్థలాలు, పదుల సంఖ్యలో హోటళ్ళు ఉన్నాయి. ఒక్కొక్క ఉద్యానానికి ఒక్కొక్క రోజు చొప్పున చూసినా నాలుగు రోజులు పడుతుంది. నడుమ విశ్రాంతికి మూడు రోజులు కలిపితే వారం నిండుతుంది. అమెరికాలో ఉన్న కొడుకు వద్దకో కూతురి వద్దకో పోయి వచ్చిన తల్లిదండ్రులు ఆ ఫొటోలు చూపగా, ఇక్కడి వారికి కూడ వినోద స్థలమంటే వారం ఉండవలసిన చోటన్న భావం కలిగినది.

మన వద్ద లెక్క వేరు. రామోజీ ఫిల్మ్ సిటీ విస్తీర్ణంలో తక్కువదేమీ కాదు. ‘ఈనాడు’ పత్రిక స్థాపకులు రామోజీరావు 1996లో హైదరాబాదుకు తూర్పున, విజయవాడ రహదారిపై హయత్‌నగర్ దాటిన తరువాత దీనిని నెలకొల్పారు. 1,666 ఎకరాల ఈ ప్రాంగణానికి ప్రపంచంలో అతి పెద్ద చిత్ర నిర్మాణ ప్రాంగణంగా గిన్నిస్ గుర్తింపు ఉన్నది. స్థాపకులు 2024 జూన్ 8న కన్నుమూశారు. అయితే ఇది ముందుగా సినిమాలు తీసే చోటు, ఆ తరువాతనే విహార స్థలం. యాత్రికులకు చూపే భాగం ఒక నిండు రోజులో ముగుస్తుంది. తీరికగా చూడదలచిన వారికి రెండు రోజులు చాలును. మూడవ రోజు కూడ అక్కడే ఉంటే పిల్లలు చూచినదే చూస్తారు, పెద్దలు గదిలో టీవీ చూస్తారు. టీవీ చూచుటకు కడత్తూరు నుండి హైదరాబాదు దాక పోనక్కరలేదు. కావున వారం రోజులలో రెండు రోజులు ఫిల్మ్ సిటీకి, మూడు రోజులు హైదరాబాదు నగరానికి, రెండు రోజులు రాకపోకలకు కేటాయించుటయే సరైన పంపకం.

ఎప్పుడు పోవలెను

వేసవి సెలవులే అందరికీ మొదట గుర్తుకు వస్తాయి. కాని ఏప్రిల్, మే మాసాలలో హైదరాబాదు ఎండ నలభై డిగ్రీలను తాకుతుంది. ఫిల్మ్ సిటీలో ఎక్కువ భాగం ఆరుబయట తిరుగవలసినదే. పైగా ఆ రెండు నెలలు మన జిల్లాలో మామిడి కోతకాలం. తోట గల ఇంటి యజమాని ఆ రోజులలో వారం పాటు ఊరు విడుచుట కలలో మాట. సెప్టెంబరు చివర వచ్చే త్రైమాసిక పరీక్షల సెలవులు వానలతోను, తెలంగాణలో బతుకమ్మ, దసరా రద్దీతోను కలుస్తాయి. డిసెంబరు చివరలో వచ్చే అర్ధ సంవత్సర పరీక్షల సెలవులు అన్ని విధాల అనుకూలం. ఎండ ఉండదు, మామిడి పని ఉండదు, సంక్రాంతికి ఇంకా సమయం ఉంటుంది. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. డిసెంబరు 31వ తేదీ రాత్రి వేడుకల నిమిత్తం గదుల ధరలు, జనసమ్మర్దం రెండూ పెరుగుతాయి. క్రిస్మస్ మరునాటి నుండి 30వ తేదీ లోపల ఫిల్మ్ సిటీ ముగించుకొని నగరంలోకి వచ్చేయుట మేలు.

రైలు, బస్సు

కడత్తూరు వారికి దగ్గరి రైలు స్టేషన్లు బొమ్మిడి, మొరప్పూరు. రెండూ సేలం, జోలార్‌పేట మార్గంలోనివే. కాని హైదరాబాదు పోయే దూరప్రయాణపు బండ్లకు సేలం స్టేషనును నమ్ముకొనుట నయం. తిరువనంతపురం నుండి సికింద్రాబాదు పోయే శబరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం సేలంలో ఎక్కితే తిరుపతి, గుంటూరు, నల్గొండల మీదుగా మరునాటి పగటికి సికింద్రాబాదు చేరుస్తుంది. రెండవ దారి ధర్మపురి నుండి బస్సులో బెంగళూరు పోయి, అక్కడ కాచిగూడ పోయే రాత్రి రైలు పట్టుకొనుట. దీనిలో మారుట ఒక శ్రమయే అయినా, కాచిగూడ స్టేషను ఫిల్మ్ సిటీకి సికింద్రాబాదు కంటె దగ్గర. 2023 సెప్టెంబరు నుండి బెంగళూరులోని యశ్వంత్‌పూర్, కాచిగూడల నడుమ వందేభారత్ రైలు కూడ నడుస్తున్నది. పగటి పూట కూర్చొని పోగలవారికి అది బాగుంటుంది. ఛార్జీ మాత్రం స్లీపర్ తరగతితో పోల్చదగినది కాదు.

టికెట్ల విషయంలో పాత జ్ఞాపకాలను నమ్ముకొని పొరబడేవారు చాలా మంది. మునుపు 120 రోజుల ముందుగా రిజర్వేషను దొరికేది. 2024 నవంబరు 1 నుండి ఆ గడువు 60 రోజులకు తగ్గింది. వృద్ధులకు ఇచ్చే రాయితీ 2020 మార్చిలో ఆగిపోయి మరల రాలేదు. అయిదేండ్లు నిండి పన్నెండేండ్లు దాటని పిల్లలకు బెర్త్ కావలెనంటే 2016 ఏప్రిల్ నుండి పూర్తి ఛార్జీ చెల్లించవలెను. బెర్త్ వద్దంటేనే సగం. అయిదేండ్ల లోపు పిల్లలకు బెర్త్ కోరనంత వరకు టికెట్టు అక్కరలేదు.

ఇంకొక చిన్న ఉపాయం ఉన్నది. అరవై ఏండ్లు నిండిన పురుషులకు, నలభై అయిదేండ్లు నిండిన స్త్రీలకు కింది బెర్త్‌ల కోటా కలదు. అయితే టికెట్టులో ఒకరు గాని, ఇద్దరు గాని ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. ఇంటిల్లిపాదికీ ఒకే టికెట్టు తీస్తే ఆ కోటా పోయి, మోకాళ్ళ నొప్పులున్న అవ్వకు పై బెర్త్ పడుతుంది. అవ్వ, తాతల టికెట్టును వేరుగా తీయవలెను. బండిలో అందరూ ఒకే పెట్టెలో ఉండకపోవచ్చును, కాని రాత్రి పూట నిద్ర ఉంటుంది.

లోపల బస చేయుటయా, బయటనా?

ఖర్చులో ఎక్కువ తేడా తెచ్చే ప్రశ్న ఇదే. ఫిల్మ్ సిటీ ఆవరణలోనే అంతస్తును బట్టి పలు హోటళ్ళు ఉన్నాయి. సితార ఖరీదైనది, తార నడిమి తరగతిది, శాంతినికేతన్ అంతకు తక్కువ. గుంపుగా వచ్చేవారికి సహారా పేరున డార్మిటరీ బస కూడ ఉన్నది. గదితో పాటు భోజనం, ప్రవేశం, తిరుగుడు అన్నీ కలిపిన ప్యాకేజీలు అమ్ముతారు. బయట దిగేవారికి ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాలలో తక్కువ ధరకు లాడ్జీలు దొరుకుతాయి. అక్కడి నుండి ఆర్టీసీ బస్సులో గాని ఆటోలో గాని పోయి సాయంత్రం తిరిగి రావలెను.

ధర ఒక్కటే చూస్తే బయటి లాడ్జి నెగ్గుతుంది. కాని చిన్న పిల్లలు, వృద్ధులు ఉన్న కుటుంబం ఒక మాట తలచవలెను. పగటి యాత్రికుడు ఉదయం తొమ్మిది గంటలకు లోపలికి పోతే సాయంత్రం వరకు కూర్చునేందుకు బల్లలే గాని నడుము వాల్చేందుకు చోటు ఉండదు. లోపల గది ఉన్నవారు మధ్యాహ్నం రెండు గంటలు పడుకొని మరల తిరుగవచ్చును. సాయంత్రం పగటి జనం వెళ్ళిపోయిన తరువాత దీపాల వెలుగులో తోటలు చూచే భాగ్యం కూడ వారిదే. అందువలన లోపల ఒక రాత్రి, తక్కిన రాత్రులు నగరంలో అన్న ఏర్పాటు మధ్యతరగతి రైతు కుటుంబానికి తగినదిగా తోస్తుంది. వారమంతా లోపలనే గది తీసుకొనుట డబ్బు ఎక్కువైన వారి పని.

గది, ప్రవేశ టికెట్టు రెండూ సంస్థ సొంత వెబ్‌సైటులోనే తీసుకొనవలెను. పేరు ఒక అక్షరం మార్చి నకిలీ సైట్లు పెట్టి ముందుగా డబ్బు కట్టించుకొనే మోసాలు యాత్రా స్థలాలన్నింటి పేరా జరుగుతున్నాయి. ధరలు ఋతువును బట్టి మారుతుంటాయి గనుక పోయిన ఏడాది బంధువులు చెప్పిన లెక్కను నమ్ముకొనరాదు. పెద్దల ఆధార్ కార్డుల అసలు ప్రతులు వెంట ఉండవలెను.

లోపల ఏమి ఉన్నది

ప్రధాన ద్వారం నుండి లోపలి ‘యూరేకా’ అనే కేంద్రం వరకు సంస్థ బస్సులే చేరుస్తాయి. అక్కడ పాతకాలపు రాజధానుల తీరున కట్టిన వీధులు, నాట్య ప్రదర్శనలు, భోజనశాలలు ఉంటాయి. అక్కడి నుండి పైకప్పు తెరచిన ఎర్ర బస్సులలో చిత్రీకరణ స్థలాలు తిప్పుతారు. రైలు స్టేషను, గ్రామం, ఉత్తరాది పట్టణపు వీధి, పురాణ సినిమాలకు వేసిన భాగవతం సెట్టు, మొగలాయి తోట, జపాను తోట ఆ దారిలోనివే. ఒకవైపు నుండి విమానాశ్రయంగా కనిపించే కట్టడం మరొక వైపు నుండి ఆసుపత్రిగా కనిపించుట చూచి పిల్లలు ఆశ్చర్యపడతారు. 2015లోను, 2017లోను విడుదలైన బాహుబలి చిత్రాల మాహిష్మతి సెట్టు వద్ద ఫొటోల కొరకు అందరి కంటె ఎక్కువ సేపు నిలబడేది పిల్లలు కాదు, వారి మేనమామలు.

వీటిలో విలువైనది ‘మూవీ మ్యాజిక్’ విభాగమని చెప్పవచ్చును. సినిమా ఎట్లు తయారగునో, గుర్రపు బండి కదలకయే కదిలినట్లు ఎట్లు చూపుదురో, శబ్దాలను తరువాత ఎట్లు చేర్చుదురో యాత్రికులలో కొందరిని వేదిక పైకి పిలిచి చేసి చూపుతారు. తెరపై చూచినదంతా నిజమనుకొనే వయస్సు పిల్లవాడికి ఇది మంచి పాఠం. చిన్నపిల్లల ఆటలకు ‘ఫండుస్తాన్’, భయం కోరేవారికి ‘బోరాసుర’, ఇవి గాక పక్షుల ఉద్యానం, సీతాకోకచిలుకల తోట ఉన్నాయి. ఉదయమే పక్షులను, తోటలను చూచి, ఎండ వేళ నీడ పట్టున జరిగే ప్రదర్శనలకు పోయి, బస్సు యాత్రను మూడు గంటల తరువాత పెట్టుకొంటే అలసట తగ్గుతుంది. గుంపు అంతా దీనికి తలక్రిందులుగా చేస్తుంది గనుక వరుసలలో నిలిచే సమయం కూడ కలిసివస్తుంది. ఏదైనా సినిమా చిత్రీకరణ జరుగుతుంటే ఆ సెట్టును ఆ రోజు చూపరు. దానికి ఎవరితోను తగవు పడి లాభం లేదు.

బయటి తిండి లోపలికి అనుమతించరు. చపాతీలు, పులిహోర మూటలు ద్వారం వద్దనే ఆగిపోతాయి. చంటిపిల్లల ఆహారం, మందులు ఉంటే ముందే చెప్పి చూపవలెను. మధుమేహం గల పెద్దలు భోజన వేళ తప్పకుండ చూచుకొనుట ముఖ్యం. ప్రదర్శనల వేళలకు లొంగి తిండిని వాయిదా వేయుట వలన సాయంత్రానికి కళ్ళు తిరిగి కూర్చుండిపోయే ప్రమాదం ఉన్నది.

నగరంలో మూడు రోజులు

హైదరాబాదులో చూడదగినవి చాలా ఉన్నా, రోజుకు రెండు చోట్లకు మించి పెట్టుకొనరాదు. సాలార్‌జంగ్ మ్యూజియంకు శుక్రవారం సెలవు, నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. ఈ రెండు ముక్కలు కాగితంపై వ్రాసుకొన్న తరువాతనే మిగిలిన పట్టిక వేయవలెను. మ్యూజియంలోని గడియారంలో గంటగంటకు ఒక గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది. మధ్యాహ్నం పన్నెండుకు వెళితే పన్నెండు దెబ్బలు వినవచ్చునని జనం ఆ వేళకే గుమిగూడుతారు. పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టదలచిన వారు పదకొండున్నరకే చేరవలెను. గోల్కొండ కోట ద్వారం క్రింద చప్పట్లు కొడితే కొండపైన వినిపించుట మరొక వింత. పైదాక ఎక్కుట వృద్ధులకు కష్టం. వారు క్రింద తోటలో ఉండుటయే మేలు.

ఇంకా ఆటలు కావలెననే పిల్లలుంటే నగరానికి దక్షిణాన రావిర్యాల వద్ద 2016లో ప్రారంభమైన వండర్‌లా ఉన్నది. అక్కడ టికెట్టు వయస్సును బట్టి కాక ఎత్తును బట్టి ఉంటుంది. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ఉచితం, 140 సెంటీమీటర్ల వరకు పిల్లల టికెట్టు. గట్టి వేగపు ఆటలలో చాలా వాటికి 140 సెంటీమీటర్లు ఉండవలెను గనుక, ఇంటి వద్దనే గోడకు నిలబెట్టి కొలిచి పిల్లవాడికి నిజం చెప్పి తీసుకొనిపోతే అక్కడ ఏడుపు ఉండదు. నీటి ఆటలకు నైలాన్ వంటి బట్టతో కుట్టిన ఈత దుస్తులే ధరించవలెను. చీర, పంచె, నూలు బట్టలతో దిగనీయరు. ఆడవారు ఈ సంగతి ముందే తెలిసికొని ఉంటే అక్కడికి పోయిన తరువాత గట్టున కూర్చోవలసిన గతి పట్టదు.

మన రాష్ట్రంలో 2021 నుండి మహిళలకు టౌన్ బస్సులలో టికెట్టు లేదు. తెలంగాణలో 2023 డిసెంబరులో మొదలైన ఉచిత ప్రయాణం ఆ రాష్ట్రపు చిరునామా గల మహిళలకు మాత్రమే. తమిళనాడు ఆధార్ చూపితే వర్తించదు. కండక్టరుతో వాదించక టికెట్టు తీసుకొనవలెను. తెలుగు మాట్లాడినంత మాత్రాన ఆ ఊరి వారము కాజాలమని అప్పుడు కొంచెం చివుక్కుమనవచ్చును.

భాష మాట వచ్చినది గనుక మరొక సంగతి. 2006 నాటి తమిళ బోధనా చట్టం తరువాత బడిలో చేరిన మన పిల్లలలో అధికులు ఇంట తెలుగు మాట్లాడుతారే గాని చదువలేరు. హైదరాబాదులో బస్సు పైన, అంగడి పైన, మెట్రో స్టేషనులో ఎటు చూచినా తెలుగు అక్షరమే. తమ నోట ఉన్న భాష గోడల మీద కూడ ఉండగలదని వారు మొదటిసారి చూచేది అక్కడే. రైలు టికెట్టు తీయుటకు, బయలుదేరుటకు మధ్య అరవై రోజులు ఉంటాయి. అక్షరాలు యాభై ఆరు. రోజుకు ఒకటి చొప్పున అవ్వో తాతో దిద్దించినా, బస్సు బోర్డు చదివి చెప్పే పని పిల్లవాడికి అప్పగించవచ్చును. ఫిల్మ్ సిటీ బస్సులో గైడును తెలుగులో వివరించమని అడుగుటకు కూడ సంకోచించనక్కరలేదు.

ఇంటి వద్ద ఎవరు

పట్నపు వారి యాత్రా పుస్తకాలలో ఈ ప్రశ్న ఉండదు. వారు తాళం వేసి పోతారు. పాడి ఉన్న ఇంటికి తాళం వేయుట కుదరదు. ఆవు వారం రోజుల సెలవు ఇవ్వదు. ఉదయం, సాయంత్రం పాలు పిండి సొసైటీకి పోయవలెను, లేకుంటే ఆవుకు పొదుగు వాపు, ఇంటికి ఆదాయ నష్టం. అందుచేత ఎప్పుడు పోయినా ఒకరు ఇంట నిలుస్తారు, ఆ ఒకరు దాదాపు ఎప్పుడూ ఇంటి కోడలో, అవ్వయో అవుతారు. తిరుపతికి పోయినప్పుడు ఆగినవారే ఈసారి కూడ ఆగుట న్యాయం కాదు. రెండు ఇండ్ల వారు మాట్లాడుకొని, ఒక ఇంటివారు క్రిస్మస్ సెలవులకు, మరొక ఇంటివారు వేరొక సెలవులకు పోయేటట్లు, ఒకరి పాడిని మరొకరు చూచేటట్లు ఒప్పుకొంటే అందరూ కలిసి పోవచ్చును. ఆ వారం పాల డబ్బు చూచినవారికే ఇచ్చివేయుట మర్యాద. కొత్త చేయిని ఆవు రానీయదు గనుక బయలుదేరుటకు నాలుగు రోజుల ముందు నుండే వారిచేత పిండించవలెను.

డబ్బు

ఖర్చును నాలుగు భాగాలుగా వ్రాసుకొంటే స్పష్టంగా కనిపిస్తుంది. రాకపోకలు, గదులు, ద్వారం టికెట్లు, చిల్లర. మొదటి మూడూ బయలుదేరక ముందే తెలిసేవి. నాలుగవది ఎవరూ వ్రాయరు, అన్నింటి కంటె అదే కొంప ముంచుతుంది. నీళ్ళ సీసాలు, ఐస్‌క్రీములు, ఫొటోలు, ఆటోలు, చుట్టాలకు తెచ్చే కరాచీ బిస్కట్లు, చార్మినారు వద్ద గాజులు ఇందులోనివే. ప్రతి పిల్లవాడికి మొదటి రోజే ఇంత అని చేతికి ఇచ్చి, అదే వారమంతటికి అని చెప్పుట మంచి పద్ధతి. రెండు రోజులలో ఖర్చు చేసినవాడు మూడవ రోజు నేర్చుకొంటాడు.

చీటీ ఎత్తిన డబ్బుతోనో, దాచుకొన్న దానితోనో పోవచ్చును. నగ కుదువ పెట్టి పోవలసి వస్తే మాత్రం ఈ ఏటికి హైదరాబాదు మానుకొని దగ్గరి దారి చూడవలెను. బెంగళూరు నుండి మైసూరు రోడ్డులో బిడది వద్ద 2005 నుండి వండర్‌లా ఉన్నది. దాని పక్కనే 2012లో బసకు రిసార్టు కూడ కట్టారు. ధర్మపురి నుండి ఉదయం బయలుదేరితే మధ్యాహ్నానికి చేరి, ఒక రాత్రి ఉండి, మరునాడు ఆడుకొని తిరిగి రావచ్చును. చెన్నై వైపు పనులున్నవారికి 2025 డిసెంబరులో తిరుప్పోరూరు సమీపంలో అదే సంస్థ తెరచిన ఉద్యానం మరొక దారి. రెండు, మూడు రోజుల ఈ ప్రయాణాలకు పాడి సమస్య కూడ తేలికగా తీరుతుంది.

హైదరాబాదుకే నిశ్చయించుకొన్న వారు పోయే టికెట్టు కంటె వచ్చే టికెట్టును జాగ్రత్తగా ఎంచుకొనవలెను. సెలవుల చివరి ఆదివారం బండ్లన్నీ నిండిపోతాయి. దానికి రెండు రోజుల ముందే, అనగా శుక్రవారం హైదరాబాదులో ఎక్కి శనివారం ఇల్లు చేరేటట్లు చూచుకొంటే, బట్టలు ఉతుకుటకు, పిల్లల హోంవర్కు ముగించుటకు ఒక ఆదివారం చేతిలో ఉంటుంది. తిరుగు ప్రయాణంలో శబరి ఎక్స్‌ప్రెస్ తిరుపతి మీదుగానే వస్తుంది గనుక దిగి కొండ ఎక్కుదామన్న మాట ఎవరో ఒకరు తప్పక అంటారు. దర్శనం టికెట్టు, గది ముందుగా తీసుకొని ఉంటే తప్ప అలసిన పిల్లలతో ఆ పని పెట్టుకొనరాదు. తిరుమలకు వేరుగా పోవచ్చును, సేలం నుండి అది ఒక్క రాత్రి దూరమే.